ఫ్లాట్ మీద 3 లక్షల ఆఫర్ అంటున్నారు, తీసుకోవచ్చా? (అనంతపురం)

ప్రశ్న:
అందరికీ నమస్కారం. అనంతపురంలో ఇంకా కడుతున్న అపార్ట్‌మెంట్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ చూశాం. 1,180 అడుగులు, పార్కింగ్‌తో సహా అన్నీ కలిపి 47.5 లక్షలు చెప్పారు, జీఎస్టీ, రిజిస్ట్రేషన్ వేరే. ఆదివారం లోపల 20 శాతం కట్టి బుక్ చేసుకుంటే 3 లక్షల ఆఫర్ అంట. ధర తగ్గించరు, మాడ్యులర్ కిచెన్, కప్‌బోర్డులు, రెండు ఏసీలు ఫ్రీగా ఇస్తారు. లోన్ మాత్రం వాళ్లు చెప్పిన చోటే తీసుకోవాలంట. మా ఆయన సరే అంటున్నారు, నాకు టెన్షన్‌గా ఉంది. కొన్నవాళ్లు ఉంటే చెప్పండి.

జవాబు (అనంతపురం):
చెల్లెమ్మా, ఆఫర్ వదులుకోవద్దు, కానీ వస్తువుల రూపంలో తీసుకోవద్దు. ఆ 3 లక్షలూ అగ్రిమెంట్ ధరలోనే తగ్గించమని గట్టిగా అడగండి. మీ విషయంలో ఇది చాలా పెద్ద తేడా. కడుతున్న ఫ్లాటుకు జీఎస్టీ 5 శాతం, అంటే 47.5 లక్షల మీద 2,37,500 రూపాయలు. అదే పార్కింగ్, డెవలప్‌మెంట్ చార్జీల్లాంటివి అన్నీ కలిపినా 45 లక్షలు దాటకుండా, కార్పెట్ ఏరియా (గోడల లోపల మీరు వాడుకునే స్థలం) 90 చదరపు మీటర్ల లోపల (సుమారు 968 అడుగులు) ఉంటే మెట్రో కాని మన ఊళ్లలో 1 శాతమే పడుతుంది. ధర 44.5 లక్షలకు దిగితే 44,500తో అయిపోతుంది, అంటే జీఎస్టీలోనే 1,93,000 మిగులు. రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కలిపి 7.5 శాతం కదా, ప్రభుత్వ విలువ అంతకంటే ఎక్కువ లేకపోతే అక్కడ ఇంకో 22,500 మిగులుతుంది. రెండూ కలిపితే 2,15,500. ఈ డబ్బుతో ఏసీలూ కిచెనూ మీకు నచ్చినవే చేయించుకోవచ్చు.

ఇక 20 శాతం ఆదివారం లోపల అంటే అస్సలు కట్టొద్దు. అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదని 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టంలోనే ఉంది.

లోన్ సంగతి కూడా చూసుకోండి. 36 లక్షలు 20 ఏళ్లకు తీసుకుంటే, బయట 8.5 శాతానికి దొరికేది వాళ్ల దగ్గర 8.75 అయితే నెలకు 570 దాకా ఎక్కువ కడతారు, మొత్తం మీద 1.37 లక్షలు. పైగా లోన్‌తో పాటు ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా అంటగడతారు, సంతకం పెట్టే ముందు అది వద్దని చెప్పండి.

జవాబు (కర్నూలు):
అన్న చెప్పింది నిజం. మేము ఇలాగే ఫ్రీ కిచెన్ అని ఆశపడి కొన్నాం, సింక్ కింద చెక్క రెండేళ్లకే నీళ్లకు ఉబ్బిపోయింది, అడిగితే అది గిఫ్టు, గ్యారంటీ లేదన్నారు. అదొక్కటే కాదు, తాళాలు ఇచ్చేరోజు ట్రాన్స్‌ఫార్మర్, నీళ్ల కనెక్షన్, కార్పస్ ఫండ్ (బిల్డింగ్ పెద్ద ఖర్చుల కోసం దాచే నిధి), రెండేళ్ల మెయింటెనెన్స్ ముందుగానే కట్టాలని కాగితం చేతిలో పెట్టారు. అప్పటికే లోన్ మొత్తం వాడేశాం, మా అమ్మ గాజులు తాకట్టు పెట్టాల్సి వచ్చింది. తాళాలు తీసుకునేదాకా ఇంకేం కట్టాలో ఇప్పుడే అగ్రిమెంట్‌లో అంకెలతో రాయించుకోండి. కొంత క్యాష్‌గా ఇస్తే ఇంకో లక్ష తగ్గిస్తామన్నా ఒప్పుకోవద్దు అక్కా, ఆ డబ్బుకు రసీదు ఉండదు, రేపు ఏదైనా తేడా వస్తే మీరు ఇచ్చినట్టు రుజువే ఉండదు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అన్నా, అక్కా. ఇప్పుడే ఫోన్ చేశాను. ధర తగ్గించడానికి మేనేజర్‌ని అడుగుతామన్నారు, కార్పెట్ ఏరియా ఎంత అంటే మాత్రం 1,180 అనే చెప్తున్నారు.

జవాబు (అనంతపురం):
1,180 అంటే మెట్లు, లిఫ్టు, కారిడార్ వాటా కలిపిన సూపర్ బిల్టప్ అయ్యుంటుంది చెల్లెమ్మా. గోడల లోపల మీకు వచ్చేది అంతకంటే బాగా తక్కువ ఉంటుంది, కాబట్టి 968 లోపలే రావచ్చు. ప్రాజెక్టు రెరా నంబర్ అడిగి, ఏపీ రెరా వెబ్‌సైట్‌లో మీ ఫ్లాట్ కార్పెట్ ఏరియా చూడండి. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలోనో, ఎనిమిది ఫ్లాట్ల లోపో కట్టేవాళ్లకు రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, మీది అలాంటి చిన్న బిల్డింగ్ అయితే ప్లాన్ కాపీ తీసుకుని తెలిసిన ఇంజనీరుతో కొలిపించండి. ఆ అంకె రాతలో వచ్చాకే టోకెన్ ఇవ్వండి.