ట్రబుల్, ప్రాబ్లమ్: ఏది ఎక్కడ వాడాలి?

గోడమీదపిల్లి:
ఈ రెంటికీ తేడా ఏంటండీ, తెలుగులో ఇబ్బంది అనో సమస్య అనో అనేసుకుంటాం కానీ ఆఫీస్ మెయిల్ రాసేటప్పుడు ఏది పెట్టాలో తెలీట్లేదు. మీరెలా గుర్తుపెట్టుకుంటున్నారు?

గ్రామర్‌గోల:
ప్రాబ్లమ్స్‌ని ఒకటి, రెండు అని లెక్కపెట్టొచ్చు, ట్రబుల్‌ని మామూలుగా లెక్కపెట్టరు, అందుకే ఎ ప్రాబ్లమ్ అంటారు గానీ ఎ ట్రబుల్ అనరు. నేను పాఠం చెప్పే పిల్లలు తెగ రాసేది 'ఐ యామ్ ఇన్ ప్రాబ్లమ్' అని, అక్కడ ఇన్ ట్రబుల్ రావాలి. అది కూడా కష్టాల్లో ఉన్నాడని ఒక్కటే కాదు, ఏదో చేసి దొరికిపోయాడు, ఇక చీవాట్లు తప్పవు అని కూడా, ఏ అర్థమో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలంతే.

నిద్రపట్టనోడు:
నాకు బాగా పనికొచ్చింది హ్యావ్ ట్రబుల్ తర్వాత ఐఎన్‌జీ వస్తుందన్న సంగతి. 'ఐ హ్యావ్ ట్రబుల్ స్లీపింగ్' అనాలి, టు స్లీప్ కాదు. (పేరు చూసి నవ్వకండి)

గ్రామర్‌గోల:
అవును, కానీ టేక్ ద ట్రబుల్ అంటే మాత్రం టు వస్తుంది. 'షీ టుక్ ద ట్రబుల్ టు రిప్లై' అంటే పాపం శ్రమ తీసుకుని మరీ జవాబిచ్చింది అని, మెచ్చుకోలే అది.

చింతచెట్టు:
మరి గ్యాస్ ట్రబుల్??

నిద్రపట్టనోడు:
అది మన దగ్గర చెల్లుతుంది, బయటి డాక్టర్‌తో అయితే ఉత్త గ్యాస్ అంటే చాలు. హార్ట్ ట్రబుల్, ఇంజిన్ ట్రబుల్ మాత్రం ఎక్కడైనా ఓకే.

పాతపుస్తకం:
బహువచనంలో ట్రబుల్స్ అంటే బాధలు, దిగుళ్ళు. ద ట్రబుల్స్ అని పెద్దక్షరంతో రాస్తే ఉత్తర ఐర్లండ్‌లో 1960ల చివర్నుంచి 1998 గుడ్ ఫ్రైడే ఒప్పందం దాకా నడిచిన హింస, 3,500 మందికి పైగా పోయారు, అంత రక్తపాతానికి ఇంత మెత్తటి పేరేంటో నాకెప్పటికీ మింగుడుపడదు. అసలు ఈ మాట మూలం లాటిన్‌లో కలక నీళ్ళకి వాడే మాట, డిస్టర్బ్, టర్బ్యులెన్స్ కూడా ఆ కుటుంబమే. మన కలత కూడా కలగడం (అంటే కలకబారడం) నుంచి వచ్చిందే కదా.

గోడమీదపిల్లి:
బావుంది! సరే, మెయిల్‌లో 'సారీ టు ట్రబుల్ యూ' పెట్టొచ్చా?

గ్రామర్‌గోల:
నిక్షేపంగా. ట్రబుల్ క్రియగా కూడా పనిచేస్తుంది, ప్రాబ్లమ్‌కి ఆ సౌకర్యం లేదు. అయితే రోజూ అదే మనిషికి అదే లైన్ పెట్టకండి, విసుక్కుంటారు.