‘తరిగొండ వారి హారతి’లో ఆ ‘వారు’ ఎవరు?

‘తాళ్లపాక వారి లాలి, తరిగొండ వారి హారతి’ అనే మాట మీలో చాలామంది వినే ఉంటారు. తిరుమలలో రాత్రి జరిగే ఏకాంత సేవ గురించి మా అమ్మమ్మ ఈ మాటతోనే మొదలుపెట్టేది. స్వామిని పవళింపజేసి తాళ్లపాక వంశీకులు లాలి పాడతారు, తర్వాత తరిగొండ వారి పేరిట ముత్యాల హారతి జరుగుతుంది, ఆపైన తలుపులు మూస్తారు. లాలి ఒక ఇంటివారిది, హారతి ఇంకో ఇంటివారిది అని చాలా ఏళ్లు అనుకున్నాను.

తాళ్లపాక వారంటే నిజంగానే ఒక వంశం. అన్నమయ్య, కుమారుడు పెద తిరుమలాచార్యులు, మనుమడు చిన తిరుమలాచార్యులు, మూడు తరాలూ కీర్తనలు కట్టినవారే. అక్కడ ‘వారి’ అనడం సరిగ్గా సరిపోయింది. తరిగొండ వారు మాత్రం ఒక్కరే, ఆవిడ భక్త కవయిత్రి వెంగమాంబ (1730–1817). తరిగొండ ఆవిడ ఇంటిపేరు కాదు, వాయల్పాడు దగ్గరి ఊరు. చిన్న వయసులోనే భర్త పోయాడు. ఆవిడకు కన్న పిల్లలూ లేరు. మనం గౌరవంగా అన్న ‘వారి’లో ఆవిడ ఆడమనిషి అన్న సంగతే కనబడకుండా పోయింది. నాకు బాధ కలిగించేది అదే.

— ‘కవయిత్రి’ అని అంటూనే ఉన్నాం కదండీ, అది చాలదా?

చాలదండీ. ఆవిడ రాసిన ద్విపద భాగవతానికీ, వేంకటాచల మాహాత్మ్యానికీ ఆ మాట సరిపోతుంది. కానీ శివనాటకం, చెంచునాటకం వంటి యక్షగానాలు, కీర్తనలు పాడుకోవడానికి పుట్టినవి. 13వ శతాబ్దపు సంగీత రత్నాకరంలో శార్ఙ్గదేవుడు పాటలోని మాటను మాతువు అన్నాడు, వరుసను ధాతువు అన్నాడు. ‘వాచం గేయం చ కురుతే యః స వాగ్గేయకారకః’, అంటే మాటనూ వరుసనూ రెంటినీ కట్టేవాడే వాగ్గేయకారుడు అని నిర్వచించాడు. అక్కడి ‘యః’ (ఎవడు) పుంలింగం. మనం దానికి ‘డు’ చేర్చి తలుపు ఇంకాస్త గట్టిగా బిగించాం.

— మరి స్త్రీలింగం ఏమిటి? వాగ్గేయకారిణా?

కుంభకారుడికి కుంభకారి అయినట్టు, సంస్కృత వ్యాకరణాన్ని బట్టి ‘వాగ్గేయకారి’ కావాలి. తెలుగు చెవికి ‘వాగ్గేయకారిణి’ హాయిగా ఉంటుంది. నా ఓటు దానికే. ‘గాయిక’ ఉండగా మనం ‘గాయని’ని ఇష్టపడలేదా? వాడుక ఒప్పుకున్నదే మాట.

— ఒక సందేహం. ఆవిడే తన పేరు పెట్టుకోలేదు కదా? పాటలో సంతకంలా పెట్టుకునే ముద్ర ‘తరిగొండ నృసింహ’.

మంచి ప్రశ్న అడిగారు. అన్నమయ్య కూడా తన పేరు పెట్టుకోలేదు, ఆయన ముద్ర వేంకటేశ్వరుడిదే. అయినా మనం వాటిని వేంకటేశ్వర కీర్తనలు అనడం లేదు, అన్నమయ్య కీర్తనలు అనే అంటున్నాం. మా ఇంట్లో పిల్లలకు ఇప్పుడు ‘వెంగమాంబ హారతి’ అనే చెబుతున్నాను.