మూల కెల్టిక్ "బెరెతి" క్రియకు రెండు వరుసల రూపాలు ఉండేవా?

శబ్దపాలుడు:
"మోయు" అనే అర్థంలో మూల కెల్టిక్ భాషకు (ఐరిష్, వెల్ష్ వంటి కెల్టిక్ భాషలన్నిటికీ తల్లి భాషకు) పండితులు పునర్నిర్మించిన క్రియారూపం "బెరెతి". సంస్కృత "భరతి", లాటిన్ "ఫెరో" దీని సోదర రూపాలు. మన "భరించు" కూడా ఆ సంస్కృత ధాతువు నుంచి వచ్చిందే. పుట్టుక గురించి పేచీ లేదు, పేచీ అంతా రూపాల గురించే. ప్రాచీన ఐరిష్‌లో క్రియ వాక్యం మొదట వస్తే "బెరిద్" (మోస్తాడు) అంటారు, ముందు నిషేధపదం చేరితే "నీ బెయిర్" (మోయడు) అంటారు. "ట్రెంగిద్ గొలుద్, ని థ్రెయింగ్ మొలుద్" (సంపద నశిస్తుంది, కీర్తి నశించదు) అనే పాత వెల్ష్ సామెతలోనూ అచ్చంగా ఇదే తేడా కనిపిస్తుంది. రెండు శాఖల్లో ఉన్నదాన్ని మూలభాషకే ఆపాదించాలి కనుక మూల కెల్టిక్ క్రియారూపాల పట్టికలో ఈ రెండు వరుసలూ ఉండాలని నా వాదన.

శిలాక్షరి:
శబ్దపాలుడు గారూ, మీరు చూపిన రెండూ ద్వీపభాషలే, అంటే బ్రిటన్, ఐర్లండ్ దీవుల కెల్టిక్ భాషలే. స్పెయిన్‌లో సరగోసా సమీపాన బోటొర్రీటాలో 1970లో దొరికిన కంచు ఫలకం మీద, కెల్టిబేరియన్ అనే ప్రాచీన స్పెయిన్ కెల్టిక్ భాషలో, "రోబిసెతి" అనే క్రియ ఉంది. "రో" అనే ఉపసర్గ ముందున్నా చివరి "తి" చెక్కుచెదరలేదు. ఐరిష్ సూత్రమే మూలభాషలో ఉండి ఉంటే ఆ "తి" అరిగిపోవాలి.

శబ్దపాలుడు:
ఆ ఫలకం చెప్పేది చివరి ఇకారం లోపించలేదని మాత్రమే. వాక్యంలో మొదటి పదానికి సకారాంతమైన ఒక అవ్యయం అంటుకునేదనీ, అది క్రియకు అంటుకున్నప్పుడు ఇకారం నిలిచి "బెరిద్" అయిందనీ, లేనప్పుడు ఇకారం పోయి "బెయిర్" మిగిలిందనీ భాషావేత్త కౌగిల్ 1975లో ప్రతిపాదించారు. "నీ బెయిర్"లో బకారం మెత్తబడకపోవడం, వెల్ష్‌లో "ట్రెయింగ్" కాస్తా "థ్రెయింగ్" కావడం, రెండూ నిషేధపదం వెనుక ఒకప్పుడు సకారం ఉండేదనడానికి ఆనవాళ్లే. ఆ అవ్యయం కెల్టిబేరియన్‌లోనూ ఉండి, జాడ తెలియకుండా పోయి ఉండవచ్చు కదా?

శిలాక్షరి:
ఉండవచ్చు, కానీ "ఉండవచ్చు" అన్నదాన్ని పట్టికకు ఎక్కించలేం. పైగా మెకోన్ వంటి భాషావేత్తలు ఆ అవ్యయంతో పని లేకుండానే, క్రియకు అతుక్కున్న సర్వనామాలే ఇకారాన్ని కాపాడాయని వాదించారు. మీ అవ్యయాన్ని ఒప్పుకున్నా, ఇకారం లోపించేదాకా "బెరెతి" రెండుగా చీలదు. ఆ లోపం ద్వీపభాషల్లో జరిగిందని మీ మాటల్లోనే ఉంది. కాబట్టి మూల కెల్టిక్ కింద ఏకవచనంలో "బెరూ, బెరెసి, బెరెతి" అనే ఒక్క వరుసనే ఇచ్చి, "బెయిర్"కు దారితీసిన పొట్టి రూపాన్ని ద్వీప కెల్టిక్ దశ కింద చూపడమే సబబు.