ఆర్‌ఎన్‌ఏ బాగానే ఉంది, డై మాత్రం వెలగట్లేదు. ఎవరైనా చెప్పండి

మొలక: బ్రకోలీ ఆప్టమర్‌తో (డైని పట్టుకుని వెలిగించే చిన్న ఆర్‌ఎన్‌ఏ) పొద్దున్నుంచి కుస్తీ పడుతున్నాను. ఆర్‌ఎన్‌ఏ నేనే తయారుచేశాను, జెల్‌లో సరైన సైజులో ఒకటే బ్యాండ్. డీఎఫ్‌హెచ్‌బీఐ-1టీ అనే డై కలిపి నీలి దీపం కింద పెడితే పచ్చగా వెలగాలి కదా, కంటికి ఏమీ కనపడట్లేదు. వేడి చేసి చల్లార్చి చూశాను, అంతే. డై కొత్తది. రేపు గైడ్‌కి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

పాతకాపు: గ్లవ్స్ వేసుకున్నారా? ఫోన్ పట్టుకున్న చేత్తోనే ట్యూబ్ మూత తీసేవాళ్ళను రోజూ చూస్తున్నాను. ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేసే ఎంజైమ్ ఆర్‌ఎన్‌ఏజ్ మొండిది. నాలుగు డైసల్ఫైడ్ బంధాలు గట్టిగా పట్టి ఉంచుతాయి, మరిగించినా చల్లారగానే మళ్ళీ మడత పడి పని మొదలుపెడుతుంది. ముందు బెంచి శుభ్రం చేసుకోండి.

నీలిదీపం: బఫర్ ఏంటి?

మొలక: మామూలు బఫరే అండీ. బ్యాండ్ చెదరలేదు, ఆర్‌ఎన్‌ఏజ్ అయి ఉండదు.

గోదారిగట్టు: మెగ్నీషియం పెంచి చూడండి. చాలా రైబోస్విచ్‌లకు అదే ప్రాణం. థయమిన్ పైరోఫాస్ఫేట్‌ను పట్టుకునేదాన్ని చూడండి: ఫాస్ఫేట్లకూ రుణావేశమే, ఆర్‌ఎన్‌ఏకూ రుణావేశమే, రెండూ దగ్గరికి రావాలంటే మధ్యలో మెగ్నీషియం అయాన్లు ఉండాల్సిందే.

పాతకాపు: బ్రకోలీ రైబోస్విచ్ కాదండీ. రైబోస్విచ్ అంటే కణంలో చిన్న అణువును పట్టుకుని జన్యువును ఆన్, ఆఫ్ చేసే ఆర్‌ఎన్‌ఏ భాగం, 2002లో బయటపడింది. ఇది ల్యాబ్‌లో ఏరి తీసిన ఆప్టమర్. రెండూ కలిపేయకండి.

గోదారిగట్టు: రైబోస్విచ్‌లో చిన్న అణువును పట్టుకునే భాగాన్ని కూడా ఆప్టమర్ అనే అంటారు సార్. పట్టుకునే తీరు చూడండి. థియోఫిలిన్ అనే ఉబ్బసం మందును పట్టుకునే ఆప్టమర్‌కి కెఫీన్ ఇస్తే దాదాపు 10,000 రెట్లు బలహీనంగా పట్టుకుంటుంది. రెండింటికీ తేడా ఒక్క మిథైల్ గుంపే. ఆ మిథైల్ సరిగ్గా హైడ్రోజన్ బంధం పడాల్సిన చోట అడ్డం వస్తుంది.

పాతకాపు: అది ఒప్పుకుంటాను. పేర్ల దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం.

నీలిదీపం: మొలక గారూ, ఏ ఉప్పు వేశారు?

మొలక: హెపెస్ 40 మిల్లీమోలార్, సోడియం క్లోరైడ్ 100, మెగ్నీషియం క్లోరైడ్ 1. పీహెచ్ 7.4.

నీలిదీపం: పొటాషియం లేదు. అదే కారణం. మెగ్నీషియం పెంచనక్కర్లేదు.

గోదారిగట్టు: అవును, నాకూ తట్టలేదు. బ్రకోలీలో నాలుగు గ్వానిన్లు (ఆర్‌ఎన్‌ఏలోని జి అక్షరాలు) ఒక చదరంలా కూర్చుంటాయి, అలాంటి చదరాలు ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి. రెండు చదరాల నడుమ పొటాషియం అయాన్ ఎనిమిది ఆక్సిజన్ల మధ్య ఇమిడి మడతను నిలబెడుతుంది. సోడియం చిన్నది, అంత బాగా నిలబెట్టలేదు. డై వచ్చి ఆ చదరం మీద చదునుగా పడుకుంటుంది. విడిగా ఉన్నప్పుడు అది మెలికలు తిరుగుతూ తీసుకున్న శక్తినంతా వేడిగా పోగొట్టుకుంటుంది. మెలిక తిరగడానికి చోటు లేనప్పుడే వెలుగు వస్తుంది. మడత సరిగ్గా పడకపోతే డైకి పడుకునే చోటే లేదు. జెల్‌లో బ్యాండ్ సైజు చెబుతుంది, ఈ సంగతి చెప్పదు.

నీలిదీపం: పొటాషియం క్లోరైడ్ 100 వేసి మళ్ళీ మడత పెట్టండి. పక్కన, ఆ మడతను నిలబెట్టని లిథియం క్లోరైడ్‌తో ఒక కంట్రోల్.

పాతకాపు: ఆర్‌ఎన్‌ఏని, మెగ్నీషియంను పట్టేసే ఈడీటీఏ ఉన్న టీఈ బఫర్‌లో కరిగించి ఉంటే అదీ చెప్పండి.

మొలక: నీళ్ళలోనే కరిగించాను సార్. పొటాషియం వేశాక పచ్చగా వెలిగింది. థాంక్స్ అండీ. లిథియం మా దగ్గర లేదు, పక్క ల్యాబ్‌లో అడుగుతాను.