ఫిన్లండ్ కొత్త మల్టీరోల్ కార్వెట్లు: ఏడు ఓడల పని నాలుగుతో అవుద్దా?

కెపిహెచ్‌బి_కుర్రోడు:
ఫిన్లండ్ నేవీ కట్టిస్తున్న పోహ్యన్‌మా క్లాస్ కార్వెట్లు (చిన్న సైజు యుద్ధనౌకలు) గురించి కొన్నాళ్ళుగా చదువుతున్నా. పాతవి ఏడు ఓడలు పక్కన పెట్టి వాటి పనంతా నాలుగు కార్వెట్లతో చేయించాలని వాళ్ళ ప్లాన్. పేరుకే కార్వెట్, 117 మీటర్ల పొడవు, 4,300 టన్నులు, మన నేవీ కార్వెట్ కమోర్తా కన్నా పెద్దది. మైన్లు వేసుడు, సబ్‌మెరైన్ల వేట, విమానాలని కొట్టుడు, ఓడల మీదికి మిసైళ్ళు, అన్నీ ఒక్కదాంట్లనే, క్రూ ఏమో 70 మంది దాకానే. ఇన్ని పనులు ఇంత తక్కువ మందితో నిజంగా అవుతాయా? నేవీలో చేసినోళ్ళు, ఆ దేశంలో ఉన్నోళ్ళు ఉంటే చెప్పండి.

తుర్కు_తెలుగోడు:
నాది ఉప్పల్, ఇప్పుడు తుర్కులో జాబ్. ఈ ఓడలు కట్టేది ఇక్కడికి ఉత్తరాన రౌమాలో. ముందు ఒకటి అర్థం చేసుకోవాలి, ఇక్కడ చలికాలం సముద్రం గడ్డకడుతుంది, ఒడ్డు దగ్గర జనం మంచు మీద నడుచుకుంటూ పోతారు, ఓడల కోసం ఐస్‌బ్రేకర్లు దారి కోస్తూనే ఉంటాయి, వెనకాలే మళ్ళీ మూసుకుపోతుంది. పాత రౌమా క్లాస్ మిసైల్ బోట్లు అల్యూమినియంవి, చిన్నవి, ఆ మంచులో వాటిని తిప్పలేరు. అందుకే కొత్తవాటికి ఐస్ క్లాస్ బాడీ, అంటే మంచుని తట్టుకునే గట్టి బాడీ, పెట్టారు, సైజు పెరగడానికి అదొక పెద్ద కారణం. ఏడు పోయి నాలుగు వచ్చాయని లెక్కేస్తాం గానీ, ఏడాది పొడుగునా తిరిగే ఓడలెన్ని అనేది అసలు లెక్క.

యాప్రాల్_ఎక్స్‌నేవీ:
తమ్ముడూ, నేను నేవీల సోనార్ (నీళ్ళల్ల శబ్దంతోని సబ్‌మెరైన్లని పసిగట్టే మిషన్) ఆపరేటర్‌గా చేసి రిటైర్ అయిన, ఎక్కువ కాలం వైజాగ్‌లోనే. మన బంగాళాఖాతంలో గంగ, గోదావరి, కృష్ణ తెచ్చిన మంచినీళ్ళు పైన పొరలెక్క పరుచుకుంటయ్, కింద ఉప్పునీరు. శబ్దం ఆ పొర కాడికి వచ్చి వంగిపోతది. హెడ్‌ఫోన్స్‌ల గట్టిగ వినొచ్చిన ఎకో కొద్దిసేపటికే మాయమైతది, సబ్‌మెరైన్ ఎటూ పోలేదు, నీళ్ళే మారినయ్. ఫిన్లండ్ పక్కనున్న బాల్టిక్ సముద్రం అంతకన్న కష్టం, ఉప్పు తక్కువ, సగటు లోతు 55 మీటర్లు, అడుగునున్న ప్రతి బండా ఎకో ఇస్తది. అది బండనా సబ్‌మెరైనా అని చెప్పేది మిషన్ కాదు, ఏండ్ల తరబడి అదే నీళ్ళల్ల విన్న చెవి. వాళ్ళు సాబ్ కంపెనీ టార్పెడో 47 తీసుకున్నది కూడా అది ఇసుంటి లోతు తక్కువ నీళ్ళకే తయారైంది కాబట్టి. సామాను ఎంపిక మంచిగుంది. 70 మందిల సోనార్ మీద కూసునేటోళ్ళు ఎందరు, వాళ్ళకి రెస్ట్ ఎప్పుడు, నా రంది అంతా గదే.

సైనిక్‌పురి_రీడర్:
సార్ చెప్పిన పాయింటే డెన్మార్క్ దగ్గరా తేలింది. ఫ్లైవెఫిస్కెన్ క్లాస్ అని 14 ఓడలు కట్టి పాతవి 22 తీసేశారు, స్టాన్‌ఫ్లెక్స్ అనే మాడ్యూల్ పెట్టెలు మార్చుకుంటూ ఒకే ఓడని ఇవాళ మిసైల్ బోట్‌గా, రేపు మైన్‌స్వీపర్‌గా వాడాలని. పెట్టె మార్చడం క్రేన్‌తో ఎంతసేపు, మనుషుల్ని మార్చడమే కష్టం. అమెరికా నేవీ ఎల్‌సీఎస్ (ఒడ్డు దగ్గరి యుద్ధానికి కట్టిన ఓడలు) కూడా అంతే, మాడ్యూళ్ళు మారుద్దామని మొదలెట్టి 2016లో ఒక్కో ఓడకి ఒక్కో పని ఖాయం చేసేశారు. ఫిన్లండ్ ఆ దారిలో పోకుండా ఆయుధాలన్నీ ఓడలోనే శాశ్వతంగా బిగించేసింది, నాకైతే ఇదే తెలివైన పని అనిపిస్తుంది. కాకపోతే నాలుగింట్లో ఒకటి రిపేర్‌కి పోతే నాలుగో వంతు మైన్లు, నాలుగో వంతు సోనార్, నాలుగో వంతు మిసైళ్ళు అన్నీ ఒకేసారి పోతాయి.

బాలానగర్_టర్నర్:
యార్డ్ సంగతి ఎవ్వరూ మాట్లాడ్తలేరు. రౌమాలో పాత షిప్‌యార్డ్‌ని దాని ఓనర్ కంపెనీ మూసేస్తే 2014లో అక్కడోళ్ళే కొత్త కంపెనీ పెట్టి నిలబెట్టుకున్నరు, ఐదేండ్లకు 2019ల ఈ కాంట్రాక్ట్ వచ్చింది. మాది చిన్న షాపు, డిఫెన్స్ జాబ్‌వర్క్ చేస్తం. ఒక రింగ్ సైజు వెంట్రుకలో సగం తేడా వచ్చినా ఇన్‌స్పెక్షన్‌ల తీసి పక్కకి పెడ్తరు, అసుంటి పని చేతికి రావాలంటే పిల్లగానికి ఏండ్లు పడ్తది. ఆర్డర్ల నడుమ గ్యాప్ వస్తే ముందుగాల పోయేది గా పిల్లగాడే, వేరే పనికి పోయినోడు మళ్ళ రాడు. నాలుగు ఓడలు అయిపోయినంక ఆ యార్డ్ వెల్డర్లకి ఏం పని ఇస్తరనేది ఇప్పటి సంధే ఆలోచించాలె.

కెపిహెచ్‌బి_కుర్రోడు:
అన్నా, ఈ కోణం నాకు తట్టనే లేదు. ఎక్స్‌నేవీ సార్, మరి మన నేవీ ఎందుకు అన్నీ ఒక్కదాంట్లో పెట్టట్లేదు? మన కొత్త ఓడ అర్నాలా చిన్నది గదా, సబ్‌మెరైన్ల వేట కోసమే అన్నట్టు.

యాప్రాల్_ఎక్స్‌నేవీ:
మనకి సంఖ్య ఉంది తమ్ముడూ. ఒడ్డు దగ్గరి లోతు తక్కువ నీళ్ళ కోసమని అసుంటివే 16 ఆర్డర్ ఇచ్చినం, 2025 జూన్‌ల వైజాగ్‌ల అర్నాలా కమిషన్ అయింది. దూరానికి డిస్ట్రాయర్లు, ఫ్రిగేట్లు వేరే ఉన్నయ్. చిన్న నేవీకి ఆ సౌకర్యం లేదు, అన్నిటికీ ఒకే ఓడ కావాలె, తప్పదు. నన్నడిగితే వాళ్ళు ఐదో ఓడ కన్న ముందు అదనపు క్రూని తయారు చేసుకోవాలె. ఓడ డాక్‌ల ఉన్నన్ని రోజులు ఆ సోనార్ పిల్లలు సిమ్యులేటర్ మీదనో పక్క ఓడ మీదనో వింటనే ఉండాలె, ఆర్నెల్లు వినకపోతే చెవి మొద్దుబారుతది.

తుర్కు_తెలుగోడు:
మొదటి ఓడ 2025 మేలో నీళ్ళలోకి దిగింది, మిగతా పనులు, సముద్రంలో టెస్టులు ఇంకా ఉన్నాయి. దశాబ్దం చివరికల్లా నాలుగూ చేతికి రావాలని టార్గెట్. క్రూ గురించి ఇక్కడి పేపర్లలో ఏదైనా కనపడితే ఇదే త్రెడ్‌లో రాస్తా సార్.