క్లాసులో ఎవరు చూసి నేర్చుకుంటారు, ఎవరు విని నేర్చుకుంటారు: ఎలా కనిపెట్టాలి?

బోరబండ టీచర్:
నమస్తే అందరికీ. ఒక చిన్న ప్రైవేట్ స్కూల్లో రెండో తరగతికి చెప్తాను, క్లాసులో నలభై మంది దాకా ఉంటారు. పేరెంట్స్ మీటింగ్ లోపు ప్రతి పేరు పక్కన విజువల్, ఆడిటరీ, చేసి నేర్చుకునే రకం, ఈ మూడింట్లో ఒకదానికి టిక్ పెట్టి ఇమ్మన్నారు. ఏడేళ్ళ పిల్లలకి ప్రశ్నలిస్తే పక్కవాడు ఏది పెడితే అదే పెడతారు. పైగా కొందరి ఇళ్ళలో ఉర్దూ, కొందరివి బీహార్, ఒడిశా నుంచి పనికొచ్చిన కుటుంబాలు. లెక్కల్లో బొమ్మ గీస్తే తప్ప అర్థం కాని పిల్ల తెలుగు పీరియడ్లో పాట ఒక్కసారి వింటే అప్పజెప్పేస్తుంది. ఏ గడిలో పెట్టాలి? టెన్షన్‌గా ఉంది.

రిటైర్డ్ హెచ్ఎం, ఉప్పల్:
ఏ గడిలోనూ ఇమడదమ్మా, మీరు చూసిందే నిజం. 1992లో న్యూజిలాండ్ అధ్యాపకుడు నీల్ ఫ్లెమింగ్ వాళ్ళు, ఎవరికి ఎలా నేర్చుకోవడం ఇష్టమో అడిగే 'వార్క్' ప్రశ్నావళి పెట్టాక ఈ లేబుళ్ళు బాగా పాకాయి, అది మొదట కాలేజీ చదువుల వాళ్ళను చూసి చేసింది. 2008లో పాష్లర్, మరో ముగ్గురు సైకాలజిస్టులు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలు తిరగేసి, పిల్లాడి స్టైల్‌కి తగ్గట్టు చెప్తే ఎక్కువ వస్తుందనడానికి సరైన ఆధారం లేదని తేల్చారు. పిల్లలకి ఇష్టాలు ఉంటాయి, కాదనను, కానీ ఇష్టపడటం వేరు, రావడం వేరు. ఎలా చెప్పాలో పాఠాన్ని బట్టి ఉంటుంది. గోదావరి ఎటు పారుతుందో ఎవరికైనా మ్యాప్‌లో చూపించాల్సిందే, పద్యం ఎవరికైనా వినిపించాల్సిందే.

సర్కారు బడి టీచర్:
సార్ చెప్పింది కరెక్టే, కాకపోతే టీచర్ గారికి రేపు క్లాసులో ఏం చూడాలో కావాలి కదా. తప్పు ఎక్కడ చేస్తున్నారో చూడండి మేడమ్. 52లోంచి 27 తీసేయమంటే మా దగ్గర ఒకడు 35 రాశాడు. ఐదులోంచి రెండు పోతే మూడు, ఏడులోంచి రెండు పోతే ఐదు! పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తున్నాడన్నమాట, పైదా కిందిదా అని చూడకుండా. చీపురు పుల్లల్ని పదేసి రబ్బరు బ్యాండ్ వేసి, ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు ముందు పెట్టి ఇరవై ఏడు ఇవ్వరా అన్నాను. రెండు కట్టలు ఇచ్చాడు, విడివి రెండూ ఇచ్చాడు, కాసేపు నా మొహం చూసి, ఇంకో కట్ట విప్పొచ్చా టీచర్ అన్నాడు. వాడు చేసి నేర్చుకునే రకం అని దీనికి అర్థం కాదు. అప్పు తెచ్చుకోవడం అంటే ఏంటో అప్పటిదాకా తెలీదు, అంతే. పక్కన కూర్చున్న, ఎప్పుడూ బోర్డు చూసి రాసుకునే పిల్లకి కూడా ఆ పుల్లలే పనికొచ్చాయి.
2022లో సర్కారు బడుల్లో చదవడం, లెక్కల పునాది కోసం తెలంగాణ ప్రభుత్వం పెట్టిన తొలిమెట్టు కార్యక్రమం వచ్చాక మేం చూసేదీ ఇదే: అక్షరం దగ్గర ఆగాడా, పదం దగ్గరా, వాక్యం చదివి అర్థం చెప్పగలడా. ఉర్దూ ఇంటి పిల్లలకి లెక్క వాళ్ళ భాషలో ఒకసారి చెప్పి చూడండి, వస్తే కష్టం లెక్కతో కాదు, మన తెలుగుతో.

అంబర్‌పేట అమ్మ:
మా అబ్బాయి స్కూల్లో వేలిముద్రలు తీసి లర్నింగ్ స్టైల్ రిపోర్ట్ ఇస్తామంటున్నారు, డీఎంఐటీ అట, బోలెడు ఫీజు. మంచిదేనా?

రిటైర్డ్ హెచ్ఎం, ఉప్పల్:
దండగ తల్లీ. వేలిముద్రకీ చదువుకీ ముడి పెట్టడానికి శాస్త్రీయ ఆధారమేమీ లేదు. బోర్డు మీది తప్పులుగా ఎక్కించుకుంటుంటే ముందు కళ్ళు చూపించండి, మెహదీపట్నం సరోజినీ దేవి ఆసుపత్రి సర్కారుదే. పిలిస్తే ఆలస్యంగా పలుకుతుంటే చెవులు కూడా. అవి బాగుండి, ఎంత చెప్పినా అక్షరాలు కూడబలుక్కోవడం రాకపోతే డిస్లెక్సియా ఏమో పరీక్ష చేయించాలి, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో దాన్నీ చేర్చారు.

బోరబండ టీచర్:
చాలా థ్యాంక్స్. కానీ ఆ చార్ట్ ఇవ్వక తప్పదు, మాది పర్మనెంట్ ఉద్యోగం కాదు.

సర్కారు బడి టీచర్:
ఇవ్వండి, గొడవెందుకు. మూడు గడులకీ టిక్ పెట్టి రిమార్క్స్‌లో "అప్పు తీసివేతల దగ్గర ఆగుతున్నాడు, ఇంట్లో చిల్లర లెక్కపెట్టించండి" లాంటి ముక్క ఒకటి రాయండి. మీటింగ్‌కొచ్చే అమ్మానాన్నలు చూసేది ఆ ముక్కే.