పిల్లోడి ఎదుగుదలని దేంతో కొలవాల? ఎఫ్ఏ (బళ్లో మధ్యమధ్యలో పెట్టే చిన్న పరీక్ష) మార్కులతోనా, జూన్‌లో వాడున్న చోటు నుంచా?

పలమనేరు టీచర్:
నాలుగో తరగతి పిల్లోడు. జూన్‌లో 41 అంకె చదవలేడు. ఇప్పుడు 41లో 13 తీసేయమంటే 32 రాస్తాడు. ఒకట్లలో పెద్దదాంట్లోంచి చిన్నది తీసేసినాడు, అప్పు తెచ్చుకోవడం ఒకటే రాలా. ఎఫ్ఏ పేపర్లో అప్పుడూ సున్నా, ఇప్పుడూ సున్నానే. వాడు ఎక్కిన మెట్లు ఏ రిజిస్టర్లోనూ లేవు. మొదట్లో యాడున్నాడో రాసిపెట్టుకోని అక్కడ్నుంచి కొలవాలంటా నేను.

వీకోట తండ్రి:
తప్పు లెక్కకి మార్కులియ్యమంటారా సార్? మా పాపకి ఐదో తరగతి దాకా అన్నీ ఏ గ్రేడే. హైస్కూల్లో చేర్చినాక చూస్తే వాళ్లవ్వ పింఛను కాయితంలో పేరు కూడా కూడబలుక్కోని చదవతా ఉండాది. తప్పుని తప్పనే అనండి.

పాకాల చదువరి:
కొలిచేవాళ్లు ఉండారు కదా. అసర్ అని పిల్లోళ్ల చదువు మీద సర్వే చేసేవాళ్లు 2005 నుంచి పల్లెలకొచ్చి ఇంటికాడే ఒక్కొక్కర్ని కూర్చోబెట్టి అక్షరం, పదం, ఒకటో తరగతి పేరా, రెండో తరగతి కథ చదివిస్తారు. మార్కులుండవు, ఏ మెట్టు మీదుంటే అదే రాస్తారు.

పలమనేరు టీచర్:
అసర్ జిల్లాకి 30 ఊర్లు, ఊరికి 20 ఇళ్లు తీసుకుంటాది, పోయినసారి చదివించిన పిల్లోడినే మళ్లీ చదివించరు. జిల్లా సంగతి తెలుస్తాది గానీ మా పిల్లోడు ఎంత ఎదిగినాడో తెలీదు. మదనపల్లి దగ్గర రిషి వ్యాలీ వాళ్ల పల్లె బడుల్లో నిచ్చెన చార్టు ఉంటాది, ఒక పాఠం కార్డు వచ్చినాకే తర్వాత కార్డు, ఎవడి మెట్టు వాడిది. ఒకే గదిలో అన్ని తరగతులున్నా నడుస్తాది.

పాకాల చదువరి:
ఏమైనా ఇంటికాడే నిజం బయటపడేది. బళ్లో అయితే టీచరే బోర్డు మీద జవాబులు రాసేస్తారు.

కొత్త సభ్యుడు:
మాకాడ ఐదు తరగతులకీ ఒకే సారు. ముందు అది చూడండప్పా.

పలమనేరు టీచర్:
అందర్నీ ఒకే గాట కట్టొద్దు. బోర్డు మీద జవాబులు ఎందుకు రాస్తారో తెలుసా? పిల్లోడు వెనకబడినాడని ఉన్నదున్నట్టు రాస్తే వాడికి సాయం రాదు, నాకు మెమో వస్తాది. వచ్చింది కూడా.

వీకోట తండ్రి:
మీ మెమో భయానికి మా పాప ఐదేండ్లు పోయె కదా సార్! నేను బెంగుళూర్లో పన్జేసుకుంటా ఆ ఏ గ్రేడు చూసి నమ్మినా. మీరు జూన్ నుంచే కొలవండి, దేంతోనన్నా కొలవండి, రాసుకున్నది మాకు చూపిస్తారా లేదా? అది చెప్పండి ముందు.

పలమనేరు టీచర్:
చూపిస్తా. నాకుండే భయం ఒకటే, 32 చూసి ఆ పిల్లోడి నాయన వీపు పగలగొడతాడని. జూన్ కాయితం కూడా పక్కనే పెట్టి చూపిస్తేనే చూపించినట్టు.

వీకోట తండ్రి:
నేను కొట్టే మనిషిని కాదు. పాప ఇప్పుడు ఏ మెట్టు మీదుందో నేనెట్లా చూసేది? పాత తెలుగు వాచకం చదివించేదా?

పలమనేరు టీచర్:
వాచకం వద్దు, కంఠతా వచ్చేసుంటాది. ఎప్పుడూ చూడని చిన్న కథ ఇవ్వండి, మధ్యలో అందించొద్దు. కథ తడబడితే నాలుగు లైన్ల పేరా, అదీ రాకపోతే విడి మాటలు. యాడ ఆగిందో తారీకు వేసి రాసిపెట్టండి, సంక్రాంతికి మళ్లీ ఇంకో కొత్త కథ ఇయ్యండి.